వాక్యం చివర్నుంచి మొదలుపెట్టండి



"పొద్దున్న లేటుగా లేచి, స్నానం చేసి, టిఫిన్ తినకుండానే బయల్దేరి, బస్ మిస్సయి, చివరికి ఆటోలో ఆఫీసుకి వెళ్ళాను."

ఇంత పొడుగు వాక్యాన్ని మనలో ఎవరైనా ఒక్క ఊపిరిలో చెప్పేస్తాం. ఇదే సంగతి ఇంగ్లీషులో చెప్పమంటే, డిగ్రీ పూర్తిచేసినవాళ్ళు, ఇంగ్లీషు పేపరు చదివి అర్థం చేసుకోగలిగినవాళ్ళు కూడా ఇలా అంటారు: "ఐ గెట్ అప్ లేట్, టేక్ బాత్, నో టిఫిన్, మిస్ ది బస్, అండ్ వెంట్ టు ఆఫీస్ ఇన్ ఆటో." ఒక్కసారి గమనించండి. ఆఖరి క్రియ ఒక్కటే పాస్ట్ టెన్స్‌లో ఉంది. ముందున్న గెట్, టేక్, మిస్ అన్నీ ఉత్త క్రియలుగానే మిగిలిపోయాయి. 'గెట్'కి వీ-టూ ఏమిటని అడగండి, 'గాట్' అని ఠక్కున చెప్తారు. 'టేక్'కి 'టుక్' అనీ చెప్తారు. తెలిసిన మాట నోటికి ఎందుకు రాలేదు?

తెలుగు వ్యాకరణం అలా చెప్పమంది కనక రాలేదు. లేచి, చేసి, బయల్దేరి, మిస్సయి: వీటిని మనం అసమాపక క్రియలంటాం. "లేచి" అన్నంతమాత్రాన లేచింది నేనో నువ్వో తెలియదు. నిన్నటి మాటో రేపటి మాటో కూడా తెలియదు. "లేచి వెళ్ళాను" అంటే నిన్నటిది, "లేచి వెళ్తాం" అంటే రేపటిది. ఎవరు, ఎప్పుడు అనే రెండు ప్రశ్నలకూ జవాబు వాక్యం కొసన ఉన్న ఆ ఒక్క క్రియలోనే ఉంటుంది. కోస్తాలో "వెళ్ళాను" అన్నా, తెలంగాణలో "పోయిన" అన్నా, అది వచ్చేది ఆఖర్నే. ఇంగ్లీషులో ఆ రెండు ప్రశ్నలకీ జవాబు వాక్యం మొదటి రెండు మాటల్లోనే చెప్పెయ్యాలి. "ఐ గాట్" అనేసరికి ఎవరో తేలింది, ఎప్పుడో తేలింది. మనం చివరికి దాచిపెట్టుకునేదాన్ని వాళ్ళు మొదట్లోనే బయటపెడతారు. ఇవాళ నేను చెప్పబోయేదంతా దాదాపు ఈ ఒక్క తేడా గురించే.

ఇంగ్లీషు ఇప్పుడే మొదలుపెట్టినవాళ్ళకి ఈ ప్రసంగం కాస్త బరువు కావచ్చు. చదివితే అర్థమై, రాస్తే వచ్చి, మాట్లాడబోతే మాత్రం నోరు తిరగని వాళ్ళున్నారే, మధ్యమెట్టు మీద నిలబడినవాళ్ళు, వాళ్ళకోసం ఇది. మీ తప్పుల్ని మీరు మరీ తిట్టుకోకండి. 1967లో పిట్ కోర్డర్ అనే భాషాశాస్త్రవేత్త ఒక వ్యాసం రాశాడు. నేర్చుకునేవాడి తప్పులు అజాగ్రత్తవల్ల వచ్చినవి కావు, అతని బుర్రలో తయారవుతున్న వ్యాకరణానికి అవి సాక్ష్యాలు అని అందులో వాదించాడు. ఇందాకటి వాక్యం అందుకు మంచి ఉదాహరణ. అందులో ఉన్నది ఇంగ్లీషు మాటలు తొడుక్కున్న చక్కని తెలుగు వ్యాకరణం.

ముందు మాటల వరసతో మొదలుపెడదాం. "కుక్క పిల్లిని తరిమింది." "పిల్లిని కుక్క తరిమింది." "తరిమింది పిల్లిని, కుక్క." ఎలా తిప్పినా తరిమింది కుక్కే. పెళ్ళిపీటల దగ్గర ఎంతమంది ఆడపిల్లలు ఎటువైపు కూర్చున్నా, బాసికం ఎవరి నుదుట ఉందో చూసి పెళ్ళికూతుర్ని పోల్చుకుంటాం కదా, అలా మన భాషలో "ని" అనే విభక్తి చూసి ఎవరు ఎవర్ని తరిమారో పోల్చుకుంటాం. ఇంగ్లీషు నామవాచకాలకి ఈ బాసికం లేదు. "ది డాగ్ చేస్ట్ ది క్యాట్" అంటే ఒక అర్థం, "ది క్యాట్ చేస్ట్ ది డాగ్" అంటే దానికి తలకిందుల అర్థం. క్రియకి ముందు కూర్చున్నవాడు కర్త, తర్వాత కూర్చున్నవాడు కర్మ. మాట కూర్చున్న చోటే దాని విభక్తి.

ఇంగ్లీషు మొదట్నుంచీ ఇలా లేదు. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో నామవాచకాలకి విభక్తి ప్రత్యయాలు ఉండేవి, మాటల వరసలో ఇప్పటికన్నా చాలా స్వేచ్ఛ ఉండేది. తర్వాతి నాలుగైదు శతాబ్దాల్లో ఆ ప్రత్యయాలు అరిగిపోయాయి. అవి చేసే పని మాటల వరస మీద పడింది. వాటి అవశేషాలు సర్వనామాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి: హి, హిమ్, షి, హర్, దే, దెమ్.

సరే, వరస ఎలా పట్టుకోవాలి? ఒక ఉపాయం చెప్తాను. తెలుగు వాక్యంలో కర్తని ముందు చెప్పెయ్యండి. తర్వాత వాక్యం ఆఖరికి వెళ్ళి, అక్కణ్ణుంచి వెనక్కి నడుచుకుంటూ రండి. వినండి.

"నేను నిన్న సాయంత్రం విజయవాడ బస్టాండులో మా మేనమామని చూశాను."

కర్త "నేను": ఐ. ఇప్పుడు చివరికి వెళ్ళండి. "చూశాను": సా. దానికి ముందున్నది "మా మేనమామని": మై అంకుల్. దానికి ముందు "విజయవాడ బస్టాండులో": ఎట్ ది విజయవాడ బస్ స్టాండ్. దానికి ముందు "నిన్న సాయంత్రం": యెస్టర్డే ఈవెనింగ్. కలిపి చెప్పండి: "ఐ సా మై అంకుల్ ఎట్ ది విజయవాడ బస్ స్టాండ్ యెస్టర్డే ఈవెనింగ్." కర్త పోను, మిగతాదంతా అద్దంలో చూసినట్టు తిరగబడింది. మనం "నిన్న, బస్టాండులో" అని కాలం ముందు, చోటు తర్వాత చెప్తాం. వాళ్ళు చోటు ముందు, కాలం తర్వాత చెప్తారు.

ఇప్పుడు మీ వంతు. నేను తెలుగులో చెప్పి ఆగుతాను. మీరు పైకే, గట్టిగా ఇంగ్లీషులో చెప్పండి. ఇంట్లో ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

"మా అమ్మ పోయిన ఆదివారం మార్కెట్లో రెండు కిలోల మామిడిపళ్ళు కొంది."

(విరామం)

"మై మదర్ బాట్ టూ కిలోస్ ఆఫ్ మ్యాంగోస్ ఎట్ ది మార్కెట్ లాస్ట్ సండే."

"అతను మూడేళ్ళ కిందట హైదరాబాద్‌లో ఉద్యోగం మానేశాడు."

(విరామం)

"హి లెఫ్ట్ హిజ్ జాబ్ ఇన్ హైదరాబాద్ త్రీ ఇయర్స్ అగో."

వాక్యాలకే కాదు, చిన్న చిన్న పదబంధాలకీ ఈ అద్దం పనికొస్తుంది. "మా బడి వెనక ఉన్న చెరువు": ది పాండ్ బిహైండ్ అవర్ స్కూల్. "నిన్న నువ్వు చెప్పిన కథ": ది స్టోరీ యు టోల్డ్ మీ యెస్టర్డే. ఇక్కడ కూడా చెరువు, కథ మన భాషలో చివర ఉన్నవి, అక్కడ ముందుకొచ్చాయి. మన భాష నేర్చుకోవాలనుకున్న ఇంగ్లీషువాళ్ళకీ ఇదే తిప్పలు, ఎదురువైపు నుంచి. 1840లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన బ్రౌన్ దొరకీ మొదట్లో క్రియకోసం వాక్యం చివరిదాకా ఓపికపట్టక తప్పి ఉండదు.

ఈ ఉపాయం అన్నిచోట్లా పనిచేస్తుందని మాత్రం అనుకోవద్దు. "ఎర్ర చీర" అక్కడ కూడా "రెడ్ శారీ"యే, తిరగబడదు. "నిన్న" అనే మాటని నొక్కి చెప్పాలంటే, వాళ్ళూ "యెస్టర్డే" అని ముందు పెట్టుకుంటారు. ప్రశ్నల సంగతి వేరే ఉంది, దానికి వస్తాను. మధ్యమెట్టు మీద ఉన్నవాళ్ళకి రోజువారీ కబుర్లలో సగానికి సగం వాక్యాలు దీంతో గట్టెక్కుతాయని నా అనుభవం.

అయితే "కర్తని ముందు చెప్పండి" అన్నాను. అక్కడే ఒక చిక్కుంది. మన వాక్యాల్లో చాలావాటికి కర్త పైకి కనబడదు. "నిన్న వచ్చాను" అంటే చాలు, వచ్చిందెవరో "ను" చెప్తుంది. ఇంగ్లీషులో "ఐ" లేకుండా "కేమ్ యెస్టర్డే" అంటే కుదరదు. "వాన పడింది" అన్నప్పుడు వాన కర్త. వాళ్ళకి అక్కడ కర్త దొరక్క "ఇట్" అనే ఉత్తుత్తి మాటని కుర్చీలో కూర్చోబెడతారు: "ఇట్ రెయిన్డ్." ఇక "నాకు జ్వరం వచ్చింది" లాంటివి మరీ గమ్మత్తు. మనకి జ్వరం వస్తుంది, ఆకలి వేస్తుంది, పాట నచ్చుతుంది, సంగతి తెలుస్తుంది. మనం ఏమీ చెయ్యం, అన్నీ మన దగ్గరికి వస్తాయి. ఇంగ్లీషువాడు అన్నిటికీ తనే కర్త: "ఐ హాడ్ ఎ ఫీవర్", "ఐ వాజ్ హంగ్రీ", "ఐ లైక్ట్ దట్ సాంగ్", "ఐ న్యూ." కాబట్టి "నాకు" అని మొదలయ్యే వాక్యం ఎదురైతే, ఆ "కు"ని తీసేసి, మనిషినే కర్త కుర్చీలో కూర్చోబెట్టండి.

ఇప్పుడు క్రియ దగ్గరికి వద్దాం. రోజుకి ఎన్ని ఇంగ్లీషు క్రియలు వాడతామో మనకే తెలియదు. కాల్ చేశాను, బైక్ పార్క్ చేశాను, టికెట్ క్యాన్సిల్ చేశారు, బస్ మిస్సయ్యాను, సినిమా రిలీజయింది. అన్నీ ఇంగ్లీషు క్రియలే. ఒక్కటైనా పాస్ట్ టెన్స్‌లో ఉందా? లేదు. "కాల్" ఎప్పుడూ "కాల్"గానే ఉంటుంది. కాలం మోసేది "చేశాను", "అయ్యాను". అంటే ఇంగ్లీషు మాటలు ఎన్ని వాడినా, వాటిని భూతకాలంలోకి మార్చే అలవాటు మన నాలుకకి దినం మొత్తంలో ఒక్కసారైనా పడటం లేదు. మాటలు బోలెడు తెలిసినవాళ్ళు కూడా "యెస్టర్డే ఐ కాల్ హిమ్" అనడానికి ఇది పెద్ద కారణమని నా అభిప్రాయం.

దీన్నే తిరగేసి వాడుకోవచ్చు. పొద్దున్నించీ మీ నోటివెంట వచ్చిన "చేశాను", "అయ్యాను" మాటల్ని పట్టుకుని, వాటి తెలుగు తోక కోసేసి ఇంగ్లీషు తోక తగిలించండి. చెప్పి చూద్దాం.

"కాల్ చేశాను."

(విరామం)

"ఐ కాల్డ్."

"బైక్ ఇక్కడే పార్క్ చేశాడు."

(విరామం)

"హి పార్క్ట్ ది బైక్ హియర్."

"ట్రెయిన్ క్యాన్సిల్ చేశారు."

(విరామం)

"దే క్యాన్సిల్డ్ ది ట్రెయిన్."

ఇక కాదు, లేదు అని చెప్పడం. "ఐ డిడ్ నాట్ వెంట్" అనేది మన దేశంలో ఇంటర్వ్యూ గదుల్లో తరచూ వినబడే వాక్యం. దీన్ని సరిదిద్దడానికి పుస్తకాలు "డిడ్ తర్వాత వీ-వన్ రావలెను" అని సూత్రం రాస్తాయి. సూత్రం బట్టీ పట్టేవాడు మాట్లాడేటప్పుడు మర్చిపోతాడు. సూత్రం ఎందుకు? మనకి అదే పద్ధతి ఉందిగా. "వెళ్ళాను"కి వ్యతిరేకం "వెళ్ళలేదు." ఎవరైనా "వెళ్ళాను లేదు" అంటారా? వినగానే నవ్వొస్తుంది. ఎందుకంటే "లేదు" అన్నాక కాలం దానికి అంటుకుపోయింది, "వెళ్ళ" అనే క్రియ ఉత్తిదైపోయింది. "డిడ్ నాట్ గో" కూడా సరిగ్గా ఇదే. డిడ్ నాట్ అంటే లేదు, గో అంటే వెళ్ళ. "డిడ్ నాట్ వెంట్" అనేది "వెళ్ళాను లేదు" అన్నంత వింత. ఇంకొకటి చూడండి. వెళ్ళాను, వెళ్ళావు, వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్ళారు అని మనం మనిషిని బట్టి మారుస్తాం కదా, "లేదు" దగ్గరికి వచ్చేసరికి ఆ మార్పంతా పోయి, నేనైనా వాళ్ళైనా "వెళ్ళలేదు" ఒక్కటే. డిడ్ కూడా అంతే, మనిషిని పట్టించుకోదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. "లేదు" మరో క్రియకి అతుక్కుని ఉంటేనే డిడ్ నాట్. రాలేదు, తినలేదు, చెప్పలేదు: డిడ్ నాట్ కమ్, డిడ్ నాట్ ఈట్, డిడ్ నాట్ టెల్. అది ఒంటరిగా నిలబడితే వాజ్ నాట్. "నిన్న వాడు ఇంట్లో లేడు": హి వాజ్ నాట్ ఎట్ హోమ్ యెస్టర్డే. "అప్పుడు నా దగ్గర డబ్బు లేదు" అన్నట్టు, ఒకరి దగ్గర ఒకటి లేకపోతే మాత్రం మళ్ళీ డిడ్: "ఐ డిడ్ నాట్ హావ్ ఎనీ మనీ దెన్." వాజ్‌కీ డిడ్‌కీ మధ్య తికమకపడేవాళ్ళు ఈ మూడు రకాల వాక్యాలూ నోట్లో ఆడిస్తూ ఉంటే చాలు.

"ఐ యామ్ వెంట్" అనే మాట కూడా మీరు వినే ఉంటారు. చిన్నప్పుడు "ఐ యామ్ ఎ బాయ్, ఐ యామ్ ఎ గర్ల్" అని వందలసార్లు పలికించడంవల్ల "ఐ యామ్" అంతా కలిపి "నేను" అని మనసులో అచ్చుపడిపోయిందని నా అనుమానం. నేను అంటే "ఐ" మాత్రమే. "యామ్" అనేది "ఉన్నాను", అది క్రియ. ఒక్కో పనికి కాలం మోసే క్రియ ఒక్కటే ఉంటుంది.

ప్రశ్నల్లో మనకీ వాళ్ళకీ పోలిక తక్కువ. మనం "వెళ్ళావా" అని చివర ఒక దీర్ఘం తగిలిస్తే పనైపోతుంది. వాళ్ళు డిడ్‌ని పట్టుకొచ్చి అందరికన్నా ముందు నిలబెడతారు: "డిడ్ యు గో?" ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అనే మాటలుంటే డిడ్ వాటి వెనక రెండో చోట ఉంటుంది: "వేర్ డిడ్ యు గో? వెన్ డిడ్ యు కమ్?" ఇంతవరకూ చాలామందికి వస్తుంది. రాని చోటు ఏదంటే, ప్రశ్న ఇంకో వాక్యం కడుపులో దూరినప్పుడు. "వాడు ఎక్కడికి వెళ్ళాడు?" అంటే "వేర్ డిడ్ హి గో?" మరి "వాడు ఎక్కడికి వెళ్ళాడో నాకు తెలియదు" అంటే? "ఐ డోంట్ నో వేర్ డిడ్ హి గో" అంటారు. కాదు. "ఐ డోంట్ నో వేర్ హి వెంట్." మీ తెలుగు క్రియ చివర "ఓ" వినబడిందంటే, అది ఇక ప్రశ్న కాదు. డిడ్ అక్కర్లేదు, మామూలు వరసే. వెళ్ళాడా అంటే డిడ్ ఉంది, వెళ్ళాడో అంటే డిడ్ లేదు. అలాగే "ఎవరు వచ్చారు?" అన్నప్పుడు కూడా డిడ్ రాదు. "హూ కేమ్?" అంతే. ప్రశ్నించే మాటే కర్త కుర్చీలో కూర్చుంది కాబట్టి దాన్ని కదపరు.

ఇప్పుడు రేడియోకి తగిన పని ఒకటి చేద్దాం, చెవికీ నాలుకకీ సంబంధించినది. భూతకాలానికి రాతలో "ఇ, డి" అని రెండక్షరాలు తగిలిస్తారు కదా, వాటిని అన్నిచోట్లా ఒకేలా పలకరు. చిన్నయసూరి బాలవ్యాకరణం చదువుకున్నవాళ్ళకి పరుషాలు, సరళాలు గుర్తుంటాయి. ఇంగ్లీషువాడికి ఆ పేర్లు తెలియకపోయినా పని మాత్రం అదే చేస్తాడు. క, ప, చ లాంటి పరుషాల తర్వాతా, స, ష, ఫ లాంటి గాలి శబ్దాల తర్వాతా, అది "ట్" అవుతుంది: వాక్ట్, కుక్ట్, హెల్ప్ట్, వాచ్ట్, మిస్ట్, వాష్ట్, లాఫ్ట్. అచ్చుల తర్వాతా, మిగతా హల్లుల తర్వాతా "డ్": ప్లేడ్, కాల్డ్, ఓపెన్డ్, లివ్డ్. క్రియ చివర ముందే ట గానీ డ గానీ ఉంటే మాత్రం అదనంగా ఒక అచ్చు వచ్చి చేరుతుంది: వాంటెడ్, వెయిటెడ్, స్టార్టెడ్, నీడెడ్. "వాకెడ్", "హెల్పెడ్" అనేవి అందుకే పొరపాట్లు.

నాతో కలిసి చెప్పండి. వాక్ట్. వాష్ట్. వాచ్ట్.

(విరామం)

కాల్డ్. లివ్డ్. ఓపెన్డ్.

(విరామం)

వాంటెడ్. వెయిటెడ్.

(విరామం)

మనది అజంత భాష. బస్సు, కారు, రోడ్డు అని దేనికైనా చివర అచ్చు ఉంటే తప్ప మన నాలుక తృప్తిపడదు. హల్లు పక్కన హల్లుతో మాట ఆగిపోవడం మనకి అలవాటు లేదు. అందుకే "కాల్డు" అనడమో, అసలు ఆ డకారాన్నే మింగెయ్యడమో చేస్తాం. సినిమాల్లో ఇంగ్లీషువాళ్ళు "వాక్ట్ టు" అన్నప్పుడు ఆ రెండు టకారాలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి వినబడవు, కాబట్టి విని నేర్చుకుందామన్నా సరిగ్గా దొరకదు. దీనికి మందు పైకి చదవడమే. పేపర్లో నిన్నటి మ్యాచ్ వార్త తీసుకుని, ప్రతి క్రియ తోకనీ నొక్కి పలకండి. ఆట వార్తల్లో భూతకాలం కొల్లలు.

తోక తగలని క్రియలు కూడా ఉన్నాయి. అలాంటివి రెండువందల దాకా ఉంటాయి. చిక్కేమిటంటే, రోజూ వాడే క్రియల్లో ఎక్కువ భాగం అవే: గో, కమ్, సే, డూ, గెట్, టేక్, గివ్, సీ, నో, మేక్. ఎక్కువగా వాడటంవల్లే అవి పాత రూపాలు పోగొట్టుకోకుండా బతికాయి. అక్షరక్రమంలో పట్టిక బట్టీ పట్టకండి. రాగం కలిసేవాటిని గుంపులు కట్టుకోండి. కీప్ కెప్ట్, స్లీప్ స్లెప్ట్, స్వీప్ స్వెప్ట్. రింగ్ ర్యాంగ్, సింగ్ స్యాంగ్, డ్రింక్ డ్ర్యాంక్. కట్, పుట్, హిట్, లెట్ అసలు మారవు. "రీడ్" రాతలో మారదు, పలుకుబడిలో "రెడ్" అవుతుంది. ఇక "బాట్", "బ్రాట్" జంట. కొంటే బాట్, తెస్తే బ్రాట్. అంగట్లో కొని ఇంటికి తెచ్చామనుకోండి: "ఐ బాట్ ఇట్ అండ్ బ్రాట్ ఇట్ హోమ్." ఈ ఒక్క వాక్యం పదిసార్లు అనుకుంటే ఆ తికమక తీరిపోతుంది.

కోచింగ్ సెంటర్ల గోడల మీద పన్నెండు టెన్సుల పట్టిక వేలాడుతూ ఉంటుంది. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క వాక్యం. వాటిని వరసగా అప్పజెప్పే పిల్లల్ని చూస్తే నాకు కన్యాశుల్కంలో గిరీశం, వెంకటేశం ఇంట్లోవాళ్ళ ముందు ఇంగ్లీషు మాట్లాడిన ఘట్టం గుర్తొస్తుంది. బట్టీ పట్టిన ముక్కలు ఇద్దరూ ఒకరి మీద ఒకరు విసురుకుంటారు, ఒకదానికి ఒకటి పొంతన ఉండదు, వినేవాళ్ళు మురిసిపోతారు. జరిగిన సంగతి చెప్పడానికి పన్నెండు గడులు అక్కర్లేదు. ముప్పాతిక భాగం సింపుల్ పాస్ట్‌తోనే నడుస్తుంది. ఒక పని సాగుతూ ఉండగా ఇంకోటి జరిగితే, సాగుతున్నదానికి "వాజ్" పెట్టి "ఇంగ్" తగిలిస్తారు: నేను వంట చేస్తుండగా కరెంటు పోయింది, "ది పవర్ వెంట్ ఆఫ్ వైల్ ఐ వాజ్ కుకింగ్." చిన్నప్పుడు మేం గోదావరిలో ఈదేవాళ్ళం అన్నప్పుడు, ఆ "ఏవాళ్ళం", "ఏవాణ్ణి", "ఏదాన్ని"కి "యూజ్డ్ టు": "వి యూజ్డ్ టు స్విమ్ ఇన్ ది గోదావరి వెన్ వి వర్ చిల్డ్రన్." దాన్ని "యూస్ట్ టు" అని పలకాలి. ఇప్పటి అలవాటుకి మాత్రం ఇది వాడకండి. "ఐ యూజ్డ్ టు గెట్ అప్ ఎట్ ఫైవ్" అంటే, ఇప్పుడు లేవడం మానేశారని వినేవాడు అనుకుంటాడు.

"హావ్", "హాడ్" దగ్గర మనవాళ్ళు చేసే దుబారా మరోటి. "ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్డే", "ఐ హాడ్ గాన్ టు తిరుపతి లాస్ట్ వీక్" అంటారు. ఉత్తి పాస్ట్ టెన్స్ వాడితే ఏదో తక్కువైనట్టు ఒక హెల్పింగ్ వెర్బ్ చేరుస్తారు. తెలుగులో "చూశాను" ఒక్కటే రెండిటికీ సరిపోతుంది కాబట్టి మనకి తేడా తెలియదు. గుర్తు ఒకటే. ఎప్పుడు జరిగిందో చెప్పారంటే "హావ్" పోవాలి. "నిన్న రాత్రి ఏం తిన్నావు?" అంటే "వాట్ డిడ్ యు ఈట్ లాస్ట్ నైట్?" ఇంటికొచ్చిన వాళ్ళని "భోంచేశారా?" అని అడిగితే, ఎప్పుడన్నది కాదు, కడుపు నిండిందా లేదా అన్నది ప్రశ్న: "హావ్ యు ఈటెన్?" అమెరికాలో ఉన్న మీ బంధువులు దీన్నే "డిడ్ యు ఈట్ యెట్?" అంటే తప్పని దిద్దకండి, అక్కడ అలా అనడం మామూలే. "హాడ్"కి మటుకు రెండు సంఘటనలు కావాలి, వాటిలో ముందు జరిగినదానికే హాడ్. "నేను వెళ్ళేసరికి అప్పటికే బస్సు వెళ్ళిపోయింది": "ది బస్ హాడ్ లెఫ్ట్ వెన్ ఐ రీచ్ట్ ది స్టాప్." తెలుగు వాక్యంలో "అప్పటికే" పెట్టి చూడండి. అది చక్కగా అతికితే హాడ్ వాడొచ్చు.

మొదట్లో చెప్పిన వాక్యాన్ని ఇప్పుడు పూర్తిచేద్దాం. లేచి, చేసి, బయల్దేరి అనే ప్రతి "ఇ" దగ్గరా ఒక్క క్షణం ఆగి, దానికీ వీ-టూ ఇవ్వండి. "ఐ గాట్ అప్ లేట్, హాడ్ ఎ బాత్, లెఫ్ట్ వితౌట్ ఈటింగ్, మిస్ట్ ది బస్, అండ్ ఫైనలీ వెంట్ టు ది ఆఫీస్ ఇన్ యాన్ ఆటో." కర్త ఒక్కసారి చాలు, టెన్స్ మాత్రం క్రియ క్రియకీ కావాలి. "తినకుండా" ఒక్కటే "ఈటింగ్" అయింది, "వితౌట్" తర్వాత అలాగే వస్తుంది.

ఇక ఆఖరి అభ్యాసం. ఐదు చిన్న వాక్యాలు. కాగితం, కలం ఉంటే దగ్గర పెట్టుకోండి.

"నిన్న మా ఊళ్ళో పెద్ద వాన పడింది. కరెంటు పోయింది. మేం అన్నం తిని, అరుగు మీద కూర్చుని, పొద్దుపోయేదాకా కబుర్లు చెప్పుకున్నాం. తమ్ముడు రాలేదు. ఎందుకు రాలేదో అప్పుడు ఎవరికీ తెలియదు."

(దీర్ఘ విరామం)

ఇప్పుడు సరిచూసుకోండి. "ఇట్ రెయిన్డ్ హెవీలీ ఇన్ అవర్ విలేజ్ యెస్టర్డే." ఇట్ మర్చిపోలేదు కదా. "ది పవర్ వెంట్ ఆఫ్." "వి ఏట్, స్యాట్ ఆన్ ది పోర్చ్, అండ్ టాక్ట్ టిల్ లేట్." మూడు క్రియలకీ పాస్ట్ టెన్స్ పడిందా, టాక్ట్‌లో టకారం పలికిందా చూడండి. "మై బ్రదర్ డిడ్ నాట్ కమ్." ఇక ఐదోది: "నోబడీ న్యూ వై హి డిడ్ నాట్ కమ్." ఎవరికీ అనే "కి" పోయి "నోబడీ" కర్త అయింది. "రాలేదో"లో ఓ ఉంది కాబట్టి "వై డిడ్ హి" అని తిప్పలేదు, కానీ రాలేదులో లేదు ఉంది కాబట్టి డిడ్ నాట్ ఉండాల్సిందే. తెలియదు అన్నాం కదా అని "డిడ్ నాట్ న్యూ" అన్నవాళ్ళూ, "నోబడీ డిడ్ నాట్ నో" అన్నవాళ్ళూ ఆ వాక్యం చుట్టూ ఒక గీత గీసి పెట్టుకోండి. నోబడీ, నథింగ్, నెవర్ అనే మాటలతో మనం పడే అవస్థ వచ్చే ప్రసంగానికి సరిపడా ఉంది. అక్కణ్ణుంచే మొదలుపెడదాం.